నాలుగు బైట్ల గోడ

నారాయణఖేడ్‌లో ఒక డిగ్రీ కాలేజీ. ఆఫీసు గది మూలన, బీరువాకూ కిటికీకీ మధ్య, గోడకు బిగించిన ఇనుప పెట్టె. దాని అద్దం తలుపు వెనక 24 పోర్టుల స్విచ్. మామూలు రోజుల్లో దాని పచ్చ దీపాలు ఎవరి తీరున వాళ్లు మిణుకుమంటుంటాయి. ఒకటి ఆగి ఆగి, ఇంకొకటి గబగబా, మరొకటి ఎప్పుడో గుర్తొచ్చినట్టు ఒకసారి. ఆ రోజు మాత్రం అన్నీ ఒక్క లయలో, ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంటున్నాయి. ఈ పనిలో నాలుగు రోజులు ఉన్నవాడెవడైనా ఆ దీపాలు చూస్తే చాలు, రోగం చెప్పేస్తాడు.

"పొద్దుగాల మంచిగనే ఉండె సార్. పదకొండు గొట్టంగ అంత బందయింది. పరీక్ష ఫీజు కట్టేటోళ్లు బయట లైన్ల నిలవడ్డరు," అన్నాడు అటెండర్. ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద. నేను ‘అన్నా’ అంటాను, ఆయన నన్ను ‘సార్’ అనడం మానడు.

తీగలు ఒక్కొక్కటే పీకుతూ పోయాను. పదిహేడో తీగ పీకగానే దీపాలు నెమ్మదించాయి. ఆ తీగ వెళ్లేది కంప్యూటర్ ల్యాబ్‌కు. అక్కడ టేబుల్ మీద అరచేయంత ప్లాస్టిక్ స్విచ్ ఒకటి, ఎనిమిది పోర్టులది. దానికి వేలాడుతున్న నీలం తీగ రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చి ఉన్నాయి. "ఒక కొస ఊడి కిందవడ్డది సార్, నేనే పెట్టిన," అన్నాడు ల్యాబ్ చూసుకునే కుర్రాడు. పాపం, సర్దుదామనే పెట్టాడు. ఆ ఒక్క మూర తీగ మొత్తం కాలేజీని ఆపేసింది.

ఎలాగంటే, ఈథర్నెట్‌లో కొన్ని సందేశాలు అందరికీ చేరవలసినవి ఉంటాయి. ‘ఫలానా ఐపీ నంబరు ఎవరిదయ్యా, పలకండి’ అని ఒక కంప్యూటర్ అడిగితే, స్విచ్ ఆ ప్రశ్నను వచ్చిన పోర్టు తప్పించి మిగతా అన్ని పోర్టుల్లోకీ పంపుతుంది. ఒక పోర్టులోంచి పోయిన ప్రశ్న అదే తీగ వెంట పక్క పోర్టులోకి తిరిగొస్తే స్విచ్‌కు అది మళ్లీ కొత్త ప్రశ్నే. మళ్లీ అందరికీ పంపుతుంది, అది మళ్లీ తిరిగొస్తుంది. ఇంటర్నెట్ ప్యాకెట్టుకైతే ఆయుష్షు లెక్క ఉంటుంది: రౌటర్ దాటినప్పుడల్లా ఒక అంకె తగ్గుతుంది, సున్నాకు చేరితే పారేస్తారు. ఈథర్నెట్ మీద పోయే సందేశానికి, దాన్ని ఫ్రేము అంటారు, ఆ లెక్క లేదు. తీగ పీకేదాకా అది చావదు, పిల్లలు పెడుతూనే ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని బ్రాడ్‌కాస్ట్ తుఫాను అంటారు. పనిచేసేవాళ్లు ‘లూప్ పడింది’ అని ఊరుకుంటారు.

దీనికి మందు 1985లోనే ఉంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసిన రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ అనే పద్ధతి రాశారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, ఎక్కడ చుట్టు ఏర్పడిందో కనిపెట్టి, ఒక దారిని తామే మూసేస్తాయి. ఆఫీసులోని పెద్ద స్విచ్‌లో ఆ సదుపాయం ఉంది. పెట్టినవాళ్లు ఎందుకో ఆపేసి వెళ్లారు.

తీగ పీకేసి బస్సెక్కేయవచ్చు. కానీ ప్రిన్సిపల్ గారు ఒక మాట అడిగారు: "ల్యాబ్‌ల పోరగాళ్లు ఏదన్న చేస్తే ఆఫీసెందుకు ఆగాలె సార్?"

అసలు ప్రశ్న అది. ఆ కాలేజీలో ఫీజుల లెక్కలు, పిల్లల ల్యాబ్, వరండాల్లో సీసీ కెమెరాలు, స్టాఫ్ వైఫై, అన్నీ ఒకే గదిలో కూర్చున్నట్టు ఉన్నాయి. ఒకరు దగ్గితే అందరూ ఉలిక్కిపడతారు. గోడలు కట్టుకోవాలి. ఆ గోడలు కట్టే విద్య స్విచ్ కొన్న రోజు నుంచీ దాని పొట్టలోనే ఉంది. దాని పేరు వీల్యాన్, అంటే వర్చువల్ ల్యాన్.

దాని జోలికి పోయే ముందు స్విచ్ అనే వస్తువు ఎందుకు పుట్టిందో చూడాలి.

1973 మే 22న అమెరికాలో జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్కాఫ్ ఒక మెమో రాశాడు. ఒకే పొడవాటి తీగకు ఎన్నో కంప్యూటర్లు తగిలించి అందరూ దాని మీదే మాట్లాడుకునే పద్ధతి అది. కాంతి ప్రయాణించడానికి విశ్వమంతా నిండిన ‘ఈథర్’ అనే పదార్థం ఉందని 19వ శతాబ్దపు శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ లేని పదార్థం పేరే దీనికి పెట్టాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి కట్టిన ఆ మొదటి ఈథర్నెట్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాటలు ఢీకొనేవి. ఇద్దరూ ఆగి, చీటీ తీసినట్టు తలో కొంతసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి. హవాయి దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపిన అలోహానెట్ నుంచి వచ్చిన ఆలోచన ఇది.

తర్వాత పొడవాటి తీగ పోయి మధ్యలో హబ్ అనే పెట్టె వచ్చింది. రూపం మారిందే కానీ గుణం మారలేదు. హబ్ చేసేది డప్పు చాటింపు. కబురు ఒక్కరికే అయినా ఊరంతా వినాలి. తనది కానివాడు విననట్టు ఊరుకోవాలి. ఊరు పదిళ్లదైతే నడుస్తుంది. వందిళ్లదైతే డప్పు మోత తప్ప కబురు అందదు.

ఈ మోతకు విరుగుడు 1990లో వచ్చింది. కాలిఫోర్నియాలో భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ కలిసి పెట్టిన కంపెనీ ఏడు పోర్టుల ‘ఈథర్‌స్విచ్’ను అమ్మకానికి పెట్టింది. ఒక పోర్టు నుంచి వచ్చిన ఫ్రేమును అది ఎవరిదో వాళ్ల పోర్టుకే పంపేది. అదే సమయంలో మిగతా పోర్టుల వాళ్లు తమలో తాము మాట్లాడుకోవచ్చు. ఆ కంపెనీ పేరు కల్పన. భరద్వాజ్ భార్య పేరే పెట్టారు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది, కంపెనీ పేరు కనుమరుగైంది. వీల్యాన్ గురించి ఎవరికి చెప్పవలసి వచ్చినా నాకు ఆ పేరు గుర్తొస్తుంది. లేని గోడను ఉన్నట్టు చూపే పని కదా ఇది.

స్విచ్‌కు ఎవరు ఏ పోర్టులో ఉన్నారో ఎవరూ చెప్పరు. అదే నేర్చుకుంటుంది. నేర్చుకునే తీరు మా అటెండరన్నది. ఆయన కాలేజీలో చేరిన రోజు ఏ సారు ఏ గదిలో కూర్చుంటాడో ఎవరూ పట్టిక రాసివ్వలేదు. ఏ తలుపులోంచి ఎవరు బయటికొస్తే వాళ్లది ఆ గది అని మనసులో రాసుకున్నాడు. స్విచ్ కూడా అంతే. ప్రతి ఫ్రేము మీదా పంపినవారి చిరునామా ఉంటుంది. ఫ్రేము ఏ పోర్టులోంచి వచ్చిందో చూసి, ‘ఈ చిరునామా ఈ పోర్టు’ అని పట్టికలో రాసుకుంటుంది. పంపేవాడిని చూసి నేర్చుకుంటుంది, అందుకునేవాడిని చూసి కాదు. ఎవరికి పోవాలో ఆ పేరు పట్టికలో లేకపోతే అన్ని గదుల తలుపులూ తడుతుంది. మామూలుగా 300 సెకన్లు ఎవరి అలికిడీ లేకపోతే ఆ పేరు కొట్టేస్తుంది. బదిలీ అయిపోయిన సారు కోసం పాత గదికి చాయ్ పట్టుకెళ్లకుండా.

ల్యాప్‌టాప్ తగిలించి ఆ పట్టిక తెరిచాను. 48 బిట్ల చిరునామాలు, ఒక్కొక్కటీ పన్నెండు అక్షరాలు. వీటిని మ్యాక్ అడ్రస్ అంటారు. మొదటి ఆరు అక్షరాలను బట్టి తయారుచేసిన కంపెనీ తెలుస్తుంది. వరుసగా ఎనిమిది చిరునామాలు ఒకే ఆరక్షరాలతో మొదలయ్యాయి. కెమెరాలు అవి. పదిహేడో పోర్టు ఎదురుగా ముప్ఫై ఒక్క చిరునామాలు ఉన్నాయి, ల్యాబంతా ఆ ఒక్క తీగ వెనకే ఉంది కాబట్టి. ఇక ఆరో పోర్టులో ఉన్నదేమిటో కాలేజీలో ఎవరికీ తెలియదు. తీగ పట్టుకుని వెళ్లి చూస్తే సెమినార్ హాలు ఫాల్స్ సీలింగ్ పైన దుమ్ము పట్టిన పాత వైఫై పెట్టె. కరెంటు తింటూ, పాత పాస్‌వర్డుతో, అందరికీ తలుపు తెరిచి కూర్చుంది.

స్విచ్ వచ్చాక డప్పు మోత చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. ‘ఈ నంబరు ఎవరిది’ అనే ప్రశ్న, కంప్యూటర్ లేవగానే ‘నాకొక ఐపీ నంబరు ఇవ్వండి’ అని వేసే కేక, ఇవి ఇప్పటికీ అందరి చెవులా పడవలసిందే. ఖేడ్ బజారులో ఒక దుకాణం ముందు నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర సరిహద్దు కదా. ఎవరి మాట వాళ్లకు అర్థమవుతుంది గానీ అందరి మాటా అందరి చెవిలో పడుతుంది. బజారుకు అదే అందం. నెట్‌వర్కుకు మాత్రం అదే తలనొప్పి, దొంగకు అదే సందు.

కేక వినిపించే మేరను ఇంజనీర్లు బ్రాడ్‌కాస్ట్ డొమైన్ అంటారు. దాన్ని ముక్కలు చేయాలంటే ఒకప్పుడు గదికో స్విచ్ కొనాలి. 1980ల్లో బెల్‌కోర్ పరిశోధనశాలలో డేవిడ్ సింకోస్కీ పెద్ద పెద్ద ఈథర్నెట్ జాలాలను ఎలా నడపాలా అని తల పట్టుకుని, చివరికి వీల్యాన్ ఆలోచనకు చేరాడు. ఒకే పరికరాల మీద వేరువేరు జాలాలు ఉన్నట్టు నడపవచ్చు, ప్రతి ఫ్రేముకూ తనది ఏ జాలమో చెప్పే గుర్తు కట్టి పంపితే చాలు. కంపెనీలు కొన్నాళ్లు ఎవరి గుర్తు వాళ్లు కట్టాయి. 1998లో 802.1క్యూ ప్రమాణం వచ్చాక అందరిదీ ఒకటే గుర్తు అయింది.

ట్యాగ్ అనే ఆ గుర్తు పొడవు నాలుగే బైట్లు. ఫ్రేములో పంపినవారి చిరునామా అయిపోగానే దాన్ని దూరుస్తారు. మొదటి రెండు బైట్లు ‘ఇక్కడ ట్యాగ్ ఉంది, జాగ్రత్త’ అని చెప్పడానికి. పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో 8100 అనే సంఖ్య అక్కడ ఉంటుంది. మిగిలిన పదహారు బిట్లలో మూడు, ఈ ఫ్రేము ఎంత తొందరదో చెప్పడానికి. ఫోన్ మాటలను సినిమా డౌన్‌లోడ్ కంటే ముందు వదలాలంటే ఆ మూడు బిట్లే ఆధారం. ఒక బిట్, రద్దీ ఎక్కువైతే దీన్ని పారేయవచ్చో లేదో చెబుతుంది. చివరి పన్నెండు బిట్లే వీల్యాన్ నంబరు. పన్నెండు బిట్లతో 4,096 నంబర్లు వస్తాయి. మొదటిదీ చివరిదీ వాడకూడదు కాబట్టి 4,094 గదులు. అప్పటిదాకా 1,518 బైట్లు దాటకూడదన్న ఫ్రేము గరిష్ఠ పొడవును ఈ నాలుగు బైట్ల కోసం 1,522కు పెంచారు. మన గోడ మందం అంతే.

కాలేజీకి నాలుగు నంబర్లు చాలనుకున్నాం. ఆఫీసు 10, ల్యాబ్ 20, కెమెరాలు 30, వైఫై 40. పదేసి ఎడం ఎందుకని కుర్రాడు అడిగాడు. రేపు లైబ్రరీకో గది కావాలంటే మధ్యలో 15 ఉంటుంది కదా. 1 నంబరు జోలికి పోలేదు. కొత్త స్విచ్‌లో అన్ని పోర్టులూ పుట్టుకతో 1లోనే ఉంటాయి. ఎవరైనా కొత్త తీగ గుచ్చితే నేరుగా అక్కడే తేలతారు. అక్కడ విలువైనదేదీ ఉంచకూడదు.

కమాండ్లు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. వీల్యాన్ 10 అని ఒక వరుస, దాని పేరు ఒక వరుస. తర్వాత పోర్టులోకి వెళ్లి ‘స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్’, ‘స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీల్యాన్ 10’. యాక్సెస్ పోర్టంటే ఒకే గదికి తెరుచుకునే తలుపు. దానికి తగిలిన కంప్యూటర్‌కు తాను ఏ వీల్యాన్‌లో ఉందో తెలియదు, తెలియనక్కర్లేదు. అక్కడ ఫ్రేములకు ట్యాగ్ ఉండదు. ఏ పోర్టులోంచి వచ్చిందో దాన్ని బట్టి స్విచ్ లోపల లెక్క చూసుకుంటుంది.

ల్యాబ్ బ్లాకు ఆఫీసు నుంచి నూరు మీటర్లకు పైనే ఉంటుంది. రాగి తీగ మీద ఈథర్నెట్ నూరు మీటర్లు దాటకూడదు కాబట్టి అక్కడికి ఫైబర్ వేసి ఉంది. ప్లాస్టిక్ పెట్టె తీసేసి అక్కడ ఇంకో మంచి స్విచ్ పెట్టించాం. రెండు స్విచ్‌ల మధ్య దారి ఒకటే, గదులు నాలుగు. ఇక్కడే ట్రంక్ కావాలి. ఖేడ్ బస్టాండు నుంచి బయలుదేరే బస్సులన్నీ ఊరు దాటేదాకా ఒకే రోడ్డు మీద పోతాయి. ఏది బీదర్‌దో ఏది సంగారెడ్డిదో ముందున్న బోర్డు చెబుతుంది. ట్రంక్ మీద పోయే ఫ్రేముకు ఆ నాలుగు బైట్లే బోర్డు. అవతలి స్విచ్ బోర్డు చదివి, తీసేసి, సరైన గది తలుపు తడుతుంది. నేను చెబుతున్న మాటలు సిస్కో వాడుక. ఇంకో కంపెనీ స్విచ్ తెరిస్తే ఇవే ‘ట్యాగ్డ్’, ‘అన్‌ట్యాగ్డ్’ అన్న పేర్లతో కనిపిస్తాయి. పేరు మారినంత మాత్రాన పని మారదు.

ఇక నా ఘనకార్యం. ట్రంక్ మీద మొదట 10, 20, 40 మాత్రమే అనుమతించాను. అప్పుడు నేను ల్యాబ్ బ్లాకులో కుర్చీ వేసుకుని, ఆ ట్రంక్ మీదుగానే ఆఫీసు స్విచ్‌లోకి దూరి పని చేస్తున్నాను. కెమెరాల 30ని కూడా కలపాలి. ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30’ అని కొట్టాలి. నేను ‘యాడ్’ అన్న మాట మింగేసి ఎంటర్ నొక్కాను. ‘వీటికి 30ని కలుపు’ అన్నది ‘ఇకనుంచి 30 ఒక్కటే’ అయిపోయింది. మిగతా మూడు గదుల దారీ అక్కడికక్కడే తెగింది. అందులో నా దారి కూడా ఉంది. కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఇదే. తెర మీద మిణుకుమంటున్న గీత అలాగే నిలిచిపోయింది. ఏం కొట్టినా పలకదు.

స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ తీగ చంకలో పెట్టుకుని ఎండలో ఆఫీసు దాకా నడిచాను. "ఏమైంది సార్?" అన్నాడు అటెండరన్న. "ఏం లేదన్నా," అని పెట్టె తలుపు తెరిచాను. ఆ ఒక్క మాటను మరిచిపోయి పట్టపగలు నెట్‌వర్కులు పడుకోబెట్టినవాళ్లు లోకమంతా ఉన్నారు. ఆ సంఘంలో నేను ఆలస్యంగా చేరాను, అంతే.

పెద్ద కష్టం లేకుండానే బయటపడ్డాను. స్విచ్‌లో రెండు రకాల జ్ఞాపకం ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్న ఏర్పాటు ఒకటి, లేవగానే చదువుకునే ఏర్పాటు ఇంకొకటి. కొట్టిన కమాండ్ వెంటనే మొదటిదాంట్లో అమల్లోకి వస్తుంది. రెండోదాంట్లోకి మనం సేవ్ చేస్తేనే చేరుతుంది. నేను అప్పటికి తప్పును సేవ్ చేయలేదు. ప్లగ్ పీకి పెడితే పాత ఏర్పాటుతో లేచింది. తెలివైనవాళ్లు దూరం నుంచి ఇలాంటి పని మొదలుపెట్టే ముందే ‘పది నిమిషాల్లో నీకు నువ్వే రీస్టార్ట్ అయిపో’ అని స్విచ్‌కు చెప్పి ఉంచుతారు. అంతా సవ్యంగా ఉంటే దాన్ని రద్దు చేస్తారు. తెగిపోతే పది నిమిషాలు చాయ్ తాగుతారు. నేను ఆ రోజు తెలివైనవాడిని కాదు.

అదే గుణం సాయంత్రం పగ తీర్చుకుంది. ల్యాబ్ స్విచ్‌లో పోర్టులన్నీ సర్దాక సేవ్ చేయడం మరిచి ఆఫీసుకు నడిచాను. నాలుగున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ ఆఫీసు పెట్టెకే ఉంది, ల్యాబ్ బ్లాకుకు లేదు. కరెంటు వచ్చేసరికి ల్యాబ్ స్విచ్ అప్పుడే పుట్టిన పసిబిడ్డలా, అన్ని పోర్టులూ 1లో పెట్టుకుని కూర్చుంది. గంటన్నర పని మళ్లీ చేశాను. ఈసారి పోర్టు పోర్టుకూ సేవ్ కొట్టాను, పిచ్చివాడిలా.

మర్నాడు ఫిర్యాదులు మొదలయ్యాయి. ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్‌కూ ఐపీ నంబరు రాలేదు. నంబర్లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఆఫీసు గదిలో ఉంది. ‘నాకొక నంబరు ఇవ్వండి’ అన్న కేక గోడ దాటదు కదా, దాటకూడదనే గోడ కట్టాం. ఆ ఒక్క కేకను అందుకుని సర్వర్‌కు ఉత్తరంగా చేరవేసే రిలే ఏర్పాటు చేస్తే ల్యాబ్ లేచింది. తర్వాత కామర్స్ మేడం వచ్చారు: "మా ప్రింటర్ ఏదండీ? నిన్నటిదాకా ల్యాబ్ నుంచే ప్రింట్ ఇచ్చేదాన్ని." ప్రింటర్ ఉన్నచోటే ఉంది. ఆమె ఉన్న గది మారింది, ఆమె కుర్చీ కదలకుండానే.

చాలామంది ఊహించనిది ఇదే. వీల్యాన్ వేస్తే నెట్ వేగం పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. పెద్ద జాలాల్లో కేకలు తగ్గి కొంత తేలికపడేది నిజమే. ఒక డిగ్రీ కాలేజీలో ఆ తేడా ఎవరికీ కనిపించదు. వీల్యాన్ అసలు పని వేగం కాదు, ఎవరి మాట ఎవరికి వినపడాలన్నది తేల్చడం. అది ఇంజనీరు తేల్చేది కాదు. ల్యాబ్ పిల్లలు ఫీజు లెక్కల సర్వర్ దాకా పోవాలా వద్దా, కెమెరా దృశ్యాలు ఎవరు చూడాలి, మేడం ప్రింటర్ ఎవరిది? వీటికి జవాబులు చెప్పవలసింది ప్రిన్సిపల్. నేను ఆయన ముందు తెల్లకాగితం పెట్టి, నాలుగు గళ్లు గీసి, ఏ గడి నుంచి ఏ గడికి బాణం గీయమంటారో అడిగాను. కాన్ఫిగరేషన్ అంతటికీ అరపూట పట్టింది. ఆ బాణాలు తేలడానికి రెండు రోజులు.

గది నుంచి గదికి పోవాలంటే రౌటింగ్ కావాలి. ఆఫీసులోని స్విచ్ మూడో అంచెది, అంటే రౌటర్ పని కూడా చేయగలది. దానిలో ఒక్కో వీల్యాన్‌కు ఒక్కో గుమ్మం పెట్టాం. గుమ్మం దగ్గర కాపలా నియమాలు: ల్యాబ్ నుంచి ప్రింటర్‌కు మాత్రం వదులు, ఆఫీసులో మిగతా దేనికీ వదలకు. కెమెరాలు తమ రికార్డర్ తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు, ఇంటర్నెట్‌తో అసలే వద్దు. చవక కెమెరాలు ఫ్యాక్టరీ పాస్‌వర్డుతోనే ఏళ్లకేళ్లు గడిపేస్తాయి. ఈ ఒక్క నియమం కోసమైనా వీల్యాన్ వేసుకోవచ్చని నా అభిప్రాయం.

అయితే గోడ ఉందని తాళం మరిచిపోకూడదు. ట్రంక్ మీద ట్యాగ్ లేకుండా పోయే వీల్యాన్ ఒకటి ఉంటుంది, దాన్ని నేటివ్ అంటారు. ఆ నంబరునే మామూలు వాడకానికి ఉంచితే, మోసగాడు ఒకదాని మీద ఒకటి రెండు ట్యాగులు కట్టి ఫ్రేము పంపగలడు. మొదటి స్విచ్ పై ట్యాగ్ ఒలిచేస్తే లోపలిది బయటపడి రెండో స్విచ్‌లో ఇంకో గదిలోకి దూరుతుంది. విరుగుడు సులువే. నేటివ్‌గా ఎవరూ వాడని నంబరు పెట్టాలి, కంప్యూటర్లున్న పోర్టులన్నీ యాక్సెస్ అని కచ్చితంగా రాయాలి, ఖాళీ పోర్టులు మూసేయాలి. స్పానింగ్ ట్రీని మళ్లీ లేపాం. నీలం తీగను ఎనిమిది పోర్టుల ప్లాస్టిక్ పెట్టెతో సహా అటెండరన్న అటక మీదికి ఎక్కించాడు.

ఈ నాలుగు బైట్లు కాలేజీ గోడ దాటి చాలా దూరం వెళ్లాయి. ఊళ్లకు ఫైబర్ వేయాలని 2011 అక్టోబర్‌లో కేంద్రం ఆమోదించిన పథకం, తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చుకున్నది, మొదట ప్రయోగంగా మూడే బ్లాకుల్లో మొదలైంది. రాజస్థాన్‌లో అరాయిన్, త్రిపురలో పానీసాగర్, మన తెలుగునాట విశాఖ దగ్గరి పరవాడ. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి, ఒకే ఫైబర్ మీద ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇచ్చింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు వేశారు. 2024 డిసెంబర్‌లో టీ-ఫైబర్ సేవలు తొలిగా అందిన మూడు ఊళ్లలో ఒకటి మా సంగారెడ్డి జిల్లాలో జోగిపేట దగ్గరి సంగుపేట. మిగతావి పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్, నారాయణపేట జిల్లా మద్దూరు.

ఇంట్లో టీవీ సీరియలూ, ఫోన్ మాటా, పిల్లవాడి ఆన్‌లైన్ పాఠమూ ఒకే వెంట్రుకంత గాజుపోగు వెంట వస్తాయి. ఇలాంటి సేవల్లో మామూలుగా ఒక్కో సేవను ఒక్కో వీల్యాన్‌లో పెడతారు. మూడు బిట్ల తొందర లెక్క అక్కడే అక్కరకొస్తుంది, ఫోన్ మాట తడబడకుండా.

ఒక జిల్లాకో రాష్ట్రానికో సేవ ఇచ్చేవాళ్లకు 4,094 గదులు ఏమూలకూ చాలవు. అందుకే ట్యాగ్ మీద ట్యాగ్ కట్టే 802.1ఏడీ పద్ధతి వచ్చింది. కాలేజీలో మోసగాడు చేసే పనినే ఇక్కడ ప్రమాణం చేసి పెట్టుకున్నారన్నమాట. లక్షల మంది కిరాయిదారులను ఒకే చోట ఉంచే డేటా సెంటర్లకు అదీ సరిపోక, 2014లో 24 బిట్ల నంబర్లతో వీఎక్స్‌ల్యాన్ అనే పద్ధతి ప్రచురించారు. దాంట్లో గదులు కోటీ అరవై ఏడు లక్షలు దాటతాయి. అంత పెద్ద లెక్కలు మన కాలేజీ పెట్టెకు అక్కర్లేదు. దానికి కావలసింది ఒక కాగితం.

స్విచ్ పెట్టించుకునే కాలేజీలను, ఆసుపత్రులను, మున్సిపల్ ఆఫీసులను ఇన్నేళ్లలో చాలా చూశాను. పెట్టె ఖరీదైనదే కొంటారు. పెట్టినవాళ్లు తీగలు గుచ్చి, దీపాలు వెలిగాయని చూపించి, బిల్లు తీసుకుని వెళ్లిపోతారు. ఏ పోర్టు ఎక్కడికి పోయిందో వాళ్ల బుర్రలో ఉంటుంది. పాస్‌వర్డు ఉద్యోగం మానేసినవాడి ఫోన్లో ఉంటుంది. ఇటుక గోడైతే కంటికి కనబడుతుంది. ఈ గోడ ఎక్కడుందో కాగితం మీద రాయకపోతే కట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆర్నెల్లయితే కట్టినవాడికీ తెలియదు.

ఖేడ్ కాలేజీలో పెట్టె తలుపు లోపలివైపు ఇప్పుడొక పట్టిక అంటించి ఉంది. 24 వరుసలు. పోర్టు నంబరు, వీల్యాన్ నంబరు, తీగ రెండో కొస ఏ గదిలో ఉందో. పందొమ్మిది వరుసలు నిండాయి, ఐదింటి ఎదురుగా ‘మూసినది’ అని రాసి ఉంది. రాత ల్యాబ్ కుర్రాడిది. కాన్ఫిగరేషన్ కాపీ ప్రిన్సిపల్ గారి బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఉంది.

మీ ఆఫీసులోనో మీ పిల్లల బడిలోనో ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పెట్టినవాళ్లకు ఆఖరి బిల్లు చెల్లించే ముందు ఈ మూడూ అడిగి తీసుకోండి: పోర్టుల పట్టిక, పాస్‌వర్డు, కాన్ఫిగరేషన్ కాపీ.